ఇంజిన్ మార్చాక టెంపరేచర్ ముల్లు మొండికేస్తే

సెకండ్ హ్యాండ్ ఇంజిన్ ఎక్కించిన బైకులో టెంపరేచర్ మీటరు తప్పు చూపిస్తోందా? కొత్త మీటరు కోసం పరుగెత్తకండి. నిన్నటిదాకా పనిచేసిన మీటరు సరిగ్గా ఇంజిన్ దించిన రోజే చెడిపోవడం అరుదు. చెయ్యి పడినచోటే వెతకాలి: సెన్సరు, దాని వైరు, ఎర్త్, కూలెంట్ (ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం).

ముల్లు మీటరూ, ఒకే వైరున్న సెన్సరూ ఉన్న బండ్ల సంగతి ఇది. వేడెక్కేకొద్దీ సెన్సరు రెసిస్టెన్స్ తగ్గుతుంది, ముల్లు లేస్తుంది. ఆ కరెంటు సెన్సరుకున్న మరల (త్రెడ్ల) గుండా ఇంజిన్‌లోకి దిగి, ఎర్త్ వైరు మీదుగా బ్యాటరీకి చేరాలి.

సమస్య: ఇంజిన్ ఎంత కాగినా ముల్లు లేవదు.
తాళం తిప్పి ఇగ్నిషన్ ఆన్ చేసి, సెన్సరు వైరు ఊడదీసి, బ్యాటరీ నెగటివ్‌కు ఒక్క క్షణం తాకించండి. ఎక్కువసేపు ఉంచితే మీటరుకే ప్రమాదం. ముల్లు లేవకపోతే వైరు తెగింది, లేదా మీటరే పోయింది. లేస్తే ఆ రెండూ బాగున్నట్టే. ఇక వైరు తిరిగి తగిలించి, వేడి ఇంజిన్ మీద సెన్సరు ఒంటి నుంచి బ్యాటరీ నెగటివ్‌కు విడిగా ఒక వైరు పట్టండి. ఇప్పుడు లేచిందంటే లోపం ఎర్త్‌లో ఉంది.

శ్రీకాకుళంలో నా బండికి జరిగింది ఇదే. మెకానిక్ ముచ్చటపడి ఇంజిన్‌కు నల్ల పెయింట్ కొట్టాడు. ఎర్త్ బోల్టు ఆ పెయింట్ మీదే కూర్చుంది. స్టార్టర్ బద్ధకంగా తిరిగేది, రెండు మూడుసార్లు నొక్కితే క్లచ్ కేబుల్ వెచ్చబడేది. దారి దొరకని కరెంటు అటు మళ్లిందన్నమాట! బోల్టు విప్పి, రూపాయి బిళ్లంత మేర ఉప్పు కాగితంతో మెరిసేదాకా గీకి బిగించాను. అంతే, పని అయిపోయింది. కళింగపట్నం, భావనపాడు వైపు తిరిగే బండ్లకు ఉప్పు గాలి వల్ల ఎర్త్ లగ్గుకు పచ్చటి చిలుము పడుతుంది. దాన్ని గీకేసి, బిగించాక పైన గ్రీజు రాయండి. సెన్సరు మరలకు టెఫ్లాన్ టేపు మందంగా చుట్టినా ఎర్త్ అందదు.

సమస్య: ఇగ్నిషన్ ఆన్ చేయగానే ముల్లు ఎర్రగీత దాటుతుంది.
సెన్సరు దగ్గర వైరు పీకండి. ముల్లు దిగితే సెన్సరుదే లోపం. దిగకపోతే వైరు ఎక్కడో ఫ్రేముకు తగులుతోంది. ఇంజిన్ బిగించే బోల్టుల దగ్గర నలిగిందేమో ముందు చూడండి.

సమస్య: ముల్లు కదులుతుంది కానీ లెక్క తప్పు.
వేరే మోడల్ సెన్సరు వచ్చి ఉంటుంది. పాత సెన్సరునూ దీన్నీ ఒకే వేడినీళ్లలో ముంచి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ ఎన్ని ఓమ్‌లో పోల్చండి. తేడా ఉంటే పాతదే పెట్టండి. మర కుదరకపోతే అల్యూమినియం హెడ్‌లోకి బలవంతంగా దూర్చకండి.

ఫ్యూయల్ ఇంజెక్షన్ బండ్లలో రెండు వైర్ల సెన్సరు ఈసీయూకు (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌కు) సమాచారం పంపుతుంది. దానిమీద ఈ వైరు తాకించే పరీక్షలు చేయకూడదు.

సమస్య: ముల్లు ఉన్నట్టుండి ఎగిరి పడుతుంది.
కూలెంట్‌లో గాలి చిక్కి ఉండొచ్చు. చల్లని ఇంజిన్ మీద రేడియేటర్ మూత తీసి, స్టార్ట్ చేసి, బుడగలు ఆగేదాకా నింపుతూ ఉండండి. వేడి మీద మూత ముట్టుకోకండి.

ఇంకొకటి. ఏడు రోడ్ల జంక్షన్‌లో ఆగినప్పుడు లేచిన ముల్లు, ఆమదాలవలస రోడ్డు ఎక్కగానే చల్లని వైపు జారిపోతుంటే మీటరు నిజమే చెబుతోంది. ఇంజిన్ అమ్మినవాళ్లు థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసే వాల్వు) పీకేసి ఉంటారు, లేదా అది తెరుచుకుని బిగిసిపోయి ఉంటుంది. కొత్తది వేసేముందు మరిగే నీళ్లలో వేసి, తెరుచుకుంటోందో లేదో చూసుకోండి.