రొయ్యల గుంట గట్టు మీద సొరుగుల పెట్టె: ఏరియేటర్ మెకానిక్‌లకు

గుంటలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. పగలు ఎండకు నీళ్లలోని పాచి ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రి ఆ పాచే రొయ్యలతో కలిసి దాన్ని పీల్చేస్తుంది. ఆ వేళప్పుడు ఏరియేటర్ (నీళ్లను చిలికి గాలి కలిపే యంత్రం) ఆగితే రైతు టెన్షన్ ఎలా ఉంటుందో నెల్లూరు జిల్లా ఇందుకూరుపేట, విడవలూరు వైపు పని చేసేవాళ్లకు చెప్పక్కర్లేదు. టార్చి వెలుగులో గోతాం సంచిలో చెయ్యి పెట్టి 12-13 పానా కోసం వెతుక్కునే సమయం కాదది. అందుకే ఒకదాని మీద ఒకటి క్లిప్పులతో బిగించుకునే సొరుగుల పెట్టెలు వాడమని కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లందరికీ చెబుతుంటాను.

ముందు ఒక సంగతి. మూత పెట్టెలు మూడు పేర్చుకుంటే, కిందదాంట్లో సామాను కావాలన్నప్పుడల్లా పైవి రెండూ దించాలి. సొరుగులైతే పైన ఎంత బరువున్నా ముందుకు లాగితే చాలు. కాబట్టి సొరుగుల పెట్టెలు కింద, మూత పెట్టె ఒక్కటే అన్నిటికన్నా పైన. సొరుగు చుట్టూ సందు ఉంటుంది, అందులోంచి తేమ లోపలికి పోతుంది. అందుకే మెగ్గర్ (మోటార్ వైండింగ్ ఇన్సులేషన్ చూసే మీటర్), క్లాంప్ మీటర్ (వైరు చుట్టూ పట్టించి కరెంటు కొలిచేది) లాంటివి రబ్బరు అంచున్న మూత పెట్టెలోనే ఉండాలి. దాని మీద ఐపీ65 అని ఉందేమో చూడండి. దుమ్ము దూరదు, ఏ వైపు నుంచి నీళ్లు చిమ్మినా లోపలికి పోవు అని దానర్థం.

బేరింగ్ పుల్లర్, సుత్తి, గేర్ ఆయిల్, బేరింగులు అడుగు సొరుగులో. పై సొరుగులో ముందు చేతికి తగలాల్సింది టెస్టర్, దాని పక్కన గ్లోవ్స్, టేపు. మెయిన్ ఆపి, టెస్టర్‌తో చూసుకోనిదే నీళ్లలో ఉన్న మోటార్ మీద చెయ్యి వెయ్యకూడదు. సొరుగు తియ్యగానే టెస్టర్ కనబడితే ఆ పని మర్చిపోం. పానాలు, స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్ మధ్య సొరుగులో. అడుగున నీళ్లు పీల్చని ఈవీఏ ఫోమ్ షీటు వేసి ఒక్కో పనిముట్టు ఆకారానికి కోసి పెట్టండి. ఖాళీగా ఉన్న గాడి చూస్తే గట్టు మీద ఏది వదిలేశామో తెలిసిపోతుంది. మామూలు స్పాంజి వద్దు, అది ఉప్పునీళ్లు పీల్చి పట్టుకుంటుంది.

గట్టు మీద పెట్టేటప్పుడు కింద ఒక ప్లైవుడ్ ముక్క వేసి మట్టం చేయండి. సొరుగులు గట్టు పొడుగునా తెరుచుకోవాలి, గుంట వైపు కాదు. వాలు మీద బరువు సొరుగు దానంతటదే జారి వస్తుంది, దాంతో పెట్టెలన్నీ ముందుకు ఒరుగుతాయి. ఒకసారికి ఒక్క సొరుగే తెరవండి. చక్రాలున్న పెట్టెలకు డబ్బులు పోయొద్దు, మన గట్ల బురదలో అవి తిరగవు. గట్టి పిడి ఉంటే చాలు.

అన్నీ ప్రతిసారీ మోసుకెళ్లక్కర్లేదు, విడివిడిగా ఉండడంలో లాభమే అది. ఫోన్‌లోనే రైతును అడగండి: మోటార్ మూలుగుతోందా, అసలు శబ్దమే లేదా? మూలుగుతూ తిరగకపోతే ఒక ఫేజు పోయి ఉండొచ్చు, బేరింగో గేర్‌బాక్సో పట్టేసి ఉండొచ్చు. అప్పుడు అడుగు పెట్టె తప్పకుండా కావాలి. శబ్దమే లేకపోతే ముందు ఫ్యూజులు, స్టార్టర్, ఓవర్‌లోడ్ రిలే (మోటార్ మీద లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసేది) చూడాలి. దానికి అడుగు పెట్టె తప్ప మిగతావి చాలు, బైకు మీద పోతాయి. బయల్దేరే ముందు సొరుగుల లాక్‌లు పడ్డాయో లేదో చేత్తో లాగి చూడండి.

ఉప్పు సంగతి దగ్గర బద్ధకం పనికిరాదు. ఇంటికి రాగానే పనిముట్లు మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరబెట్టి, మెషిన్ ఆయిల్ పల్చగా రాయండి. తడి పానా సొరుగులో పెట్టి మూస్తే పక్కవాటికీ తుప్పు పడుతుంది. నీలం రంగు సిలికా జెల్ పొట్లం ఒకటి మూత పెట్టెలో వేసి ఉంచండి. అది గులాబీ రంగుకు తిరిగితే తేమతో నిండినట్టే. సన్నని వేడి మీద ఆరబెడితే మళ్లీ పనికొస్తుంది.

కొనేవాళ్లకు డివాల్ట్ టీస్టాక్, బాష్ ఎల్-బాక్స్ లాంటివి ఉన్నాయి. ఒక కంపెనీ క్లిప్పు ఇంకో కంపెనీ పెట్టెకు మామూలుగా పట్టదు, కాబట్టి మొదటి పెట్టె ఆలోచించి కొనండి. అంత పెట్టలేకపోతే వడ్రంగి చేత 12 ఎంఎం ప్లైవుడ్‌తో చేయించుకోవచ్చు. ఐఎస్ 710 (మెరైన్ ప్లైకి భారత ప్రమాణం) గుర్తున్న మెరైన్ ప్లై అడగండి. సొరుగు జారే పట్టాకు, అంటే టెలిస్కోపిక్ ఛానల్‌కు, మామూలుగా ఒక్కో పక్క 13 ఎంఎం దాకా చోటు కావాలి. అంటే పెట్టె లోపలి వెడల్పు కంటే సొరుగు 26 ఎంఎం తక్కువ ఉండాలి. ఛానల్ మాత్రం స్టెయిన్‌లెస్‌దే వేయించండి, మామూలుది సముద్రపు గాలికి తుప్పు పట్టి ఇరుక్కుంటుంది.