ఊరి నడకబాటకు ఆర్‌టీపీ గ్రాంటు: నేల కాగితం నుంచి కంకర దాకా

అమెరికాలో మీరుండే ఊళ్లో చెరువు చుట్టూనో, పార్కు వెనక అడవిలోనో నడకబాట పడాలంటే ముందుగా చూడాల్సింది రిక్రియేషనల్ ట్రెయిల్స్ ప్రోగ్రామ్, అంటే ఆర్‌టీపీ. 1991లో మొదలైంది. రోడ్డు దిగి మట్టిదారుల్లో తిరిగే మోటారు బళ్లు కాల్చే ఇంధనం మీద వసూలయ్యే ఫెడరల్ పన్నే దీనికి ఆధారం. ఆ డబ్బు రాష్ట్రాల చేతికొస్తుంది, దరఖాస్తు రాష్ట్రానికే పెట్టాలి. రాష్ట్రం తన వాటాలో 30 శాతం మోటారు బళ్ల బాటలకు, 30 శాతం మోటారు లేని బాటలకు, 40 శాతం పలురకాల వాళ్లు కలిసి వాడే బాటలకు ఖర్చుపెట్టాలి. నడకతో పాటు సైకిలుకూ పనికొచ్చే బాటైతే ఆ 40 శాతంలోనూ పోటీపడొచ్చు. అయితే వెడల్పు, మలుపులు నిజంగా సైకిలుకు సరిపోతేనే అలా రాయండి.

దరఖాస్తు ఎంత బాగా రాసినా నేల ఎవరిదో తేలకపోతే ఫైలు కదలదు. బాట పోయే ప్రతి గజం ఎవరి పేరున ఉందో కౌంటీ పార్సెల్ మ్యాపులో, అంటే స్థలాల హద్దుల పటంలో చూసి, యజమాని సంతకంతో అనుమతి పత్రం తీసుకోండి. కాలనీ అసోసియేషన్ స్థలమైతే బాట అందరికీ తెరిచి ఉంటుందన్న రాతపూర్వక హామీ కావాలి. గేటు వేసి మన కాలనీ వాళ్లకే అంటే ఈ డబ్బు రాదు. అసలు దరఖాస్తుదారుగా ఊరి పార్కుల శాఖనే ముందు పెట్టి, మీ బృందం తోడుగా నిలవడం మేలు. ఎందుకంటే ఈ గ్రాంటు ముందు చేతికివ్వరు. ఖర్చుపెట్టి బిల్లులు చూపితేనే తిరిగిస్తారు. గ్రాంటు 40,000 డాలర్లు అనుకుంటే, అంత డబ్బు నెలల తరబడి తిప్పుకోగల స్తోమత చిన్న సంఘాలకు ఉండదు.

మ్యాచ్, అంటే మనం పెట్టాల్సిన వాటా లెక్కలో తరచూ జరిగే తప్పు ఒకటుంది. సాధారణంగా ఫెడరల్ వాటా 80 శాతం, మనది 20 శాతం. ఆ 20 శాతం గ్రాంటు మీద కాదు, మొత్తం ఖర్చు మీద. 40,000 గ్రాంటుకు మన వాటా 8,000 కాదు, 10,000. దాన్ని నగదుగానే పెట్టక్కర్లేదు, శ్రమదానం కూడా చెల్లుతుంది. ఇండిపెండెంట్ సెక్టర్ సంస్థ 2024కు వాలంటీరు గంట విలువ 34.79 డాలర్లుగా కట్టింది. ఆ రేటును మీ రాష్ట్రం ఒప్పుకుంటే 12 మంది, నాలుగేసి గంటల చొప్పున ఆరు శనివారాలు పనిచేస్తే 288 గంటలు, 10,000 డాలర్ల పైచిలుకు. అయితే హాజరు పట్టీలో పేరు, తేదీ, వచ్చిన వేళ, వెళ్లిన వేళ, చేసిన పని, సంతకం ఉండాలి. నెల తర్వాత గుర్తుచేసుకుని నింపిన పట్టీ ఆడిట్‌లో నిలవదు. సివిల్ ఇంజినీరు డ్రాయింగు గీసిస్తే ఆ వృత్తి రేటు వేయొచ్చు. సాఫ్ట్‌వేర్ ఇంజినీరు గడ్డపార పడితే మాత్రం మట్టిపని రేటే.

ఎంపికైనట్టు ఉత్తరం వచ్చిందని పలుగు ఎత్తకండి. పర్యావరణ పరిశీలన, పురావస్తు పరిశీలన అయ్యి, పని మొదలుపెట్టమని రాష్ట్రం రాతలో చెప్పాలి. ఆ తేదీకి ముందు తవ్విన తవ్వకానికి డబ్బు రాదు, ఆ శ్రమదానమూ మ్యాచ్‌లోకి రాదు. వంతెనకు ఇనుము, ఉక్కు కొనేటప్పుడు అది అమెరికాలోనే తయారైందన్న ధ్రువపత్రం అప్పుడే అడిగి తీసుకోండి. బిగించాక వెతికితే దొరకదు.

ఇక బాట. దాన్ని పాడుచేసేది మనుషుల అడుగుల కన్నా ఎక్కువగా వాననీరు. కొండ వాలు ఎంతో కొలిచి, బాట ఎక్కుడు అందులో సగం మించకుండా గీత గీయండి. వాలు 16 శాతమైతే బాట 8 శాతం, అంటే 100 అడుగుల నడకకు 8 అడుగుల ఎత్తు. అంతకు మించితే నీరు బాటను దాటి పోకుండా బాట వెంటే పారి కాలువ చేసేస్తుంది. మొత్తం మీద బాట ఎక్కుడు సగటున 10 శాతం దాటకూడదు. 4 అడుగుల బాటకు పల్లం వైపున్న బయటి అంచు లోపలి అంచుకన్నా రెండున్నర అంగుళాలు దిగువన ఉండాలి. ఎక్కే దారిలో అక్కడక్కడా కాస్త దిగి మళ్లీ ఎక్కేలా మలచండి. ఆ దిగుడులోనే నీరు బయటికి జారిపోతుంది.

పైన పరిచేందుకు డస్టు కలిసిన క్రషర్ కంకర కావాలి. గుండ్రటి గులకరాళ్లు చవగ్గా వచ్చినా వద్దు. అవి ఒకదాన్నొకటి పట్టుకోవు, వీల్‌చెయిర్ చక్రం కూరుకుపోతుంది. 1,000 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు, 4 అంగుళాల మందానికి దాదాపు 50 క్యూబిక్ గజాలు పడుతుంది. రోలరు కింద అణిగిపోయేది కలిపి 60 చెప్పండి, సుమారు 80 టన్నులు. కాస్త తడిపి, రెండు పొరలుగా పరిచి, ఏ పొరకాపొర రోలరుతో తొక్కించండి. పొడిగా తొక్కిస్తే డస్టు దుమ్మై లేచిపోతుంది.

చివరి బిల్లు పంపేముందు ఒక పెద్ద వాన పడనివ్వండి. గొడుగేసుకుని బాటంతా నడిచి, నీరు బాట వెంట పారుతున్న చోటల్లా జెండా పాతండి. ఎండాక అక్కడ దిగుడు తవ్వి, ముందు ఫొటో, తర్వాత ఫొటో బిల్లుతో జతచేయండి.