లోటస్ ఎలాన్, ఆల్పీన్ ఏ110: సెల్ఫ్ మూలిగితే, దీపాలు మసకబారితే

ఈ రెండూ 1960ల నాటి పాత స్పోర్ట్స్ కార్లు. లక్షణం: తాళం తిప్పితే సెల్ఫ్ మోటారు రెండుసార్లు మూలిగి ఆగిపోతుంది. హెడ్‌లైట్లు కిరోసిన్ బుడ్డిలా వెలుగుతాయి. ఇండికేటర్ వేస్తే పక్కనున్న బ్రేకు దీపం కూడా మినుకుమంటుంది.

ముందు బ్యాటరీ టెర్మినళ్లు చూడండి. శుభ్రంగా, బిగుతుగా ఉన్నాయా? బండి ఆపిన కొన్ని గంటలకు మీటరు 12.6 వోల్టులు చూపుతోందా? ఈ రెండు నిమిషాల పని చేయకుండా కొత్త బ్యాటరీ కొనుక్కొచ్చేవాళ్లను చూసి చూసి విసిగిపోయాను.

అది బాగుంటే దోషం ఎర్త్‌లోనే, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగొచ్చే దారిలోనే. ఇంగ్లండులో పుట్టిన ఎలాన్‌కు ఇంజిన్ ముందుంటుంది. 1973లో తొలి ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ గెలిచిన ఫ్రెంచి ఏ110కు అది వెనుక ఇరుసుకూ అవతల వేలాడుతుంది. అయినా రెండింటిదీ ఒకే జబ్బు, ఎందుకంటే రెండింటికీ ఉక్కు వెన్నెముక చాసీ మీద ఫైబర్ గ్లాస్ బాడీ. ఫైబర్ గ్లాస్‌లో కరెంటు పారదు. ఇనుప బాడీలో దీపం బిగించిన స్క్రూయే ఎర్త్ అవుతుంది, ఇక్కడ ప్రతి దీపానికీ వేరే తీగ కావాలి.

నన్ను ఏడిపించింది ఒక ఎలాన్. చాసీకి కొత్తగా పౌడర్ కోటింగ్ చేయించారు, అద్దంలా మెరుస్తోంది. సెల్ఫ్ మాత్రం తిరగదు. బ్యాటరీ మార్చాను, సెల్ఫ్‌కు కరెంటు కలిపే సొలినాయిడ్ మార్చాను, మోటారు విప్పి బ్రష్‌లు వేశాను. మూడో రోజు సెల్ఫ్ కొట్టిస్తూ యాక్సిలరేటర్ కేబుల్ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది! ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద కూర్చుంటుంది కాబట్టి కరెంటు చాసీకి చేరాల్సిన దారి ఎర్త్ పట్టీ ఒక్కటే. ఆ పట్టీ బోల్టు కింద, కరెంటును పారనివ్వని కోటింగ్ ఎవరూ గీకలేదు. దాంతో కరెంటు దొరికిన సన్నటి కేబుల్లోంచి దూరిపోతోంది.

పరీక్ష సులువు. మీటరు ఒక కొనను బ్యాటరీ ఎర్త్ పోస్టుకు, రెండోదాన్ని ఇంజిన్ బ్లాకుకు ఆనించి సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల దగ్గర ఉంటే సరే, 0.5 దాటితే పట్టీ విప్పాల్సిందే. రెండు కొనల దగ్గరా మెరిసే లోహం కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్ది, పళ్ల వాషరు వేసి బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాయండి. అందమైన చాసీని గీకడానికి మనసొప్పదు, తెలుసు. గీకండి.

ఏ110లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ వెనుక, హెడ్‌లైట్లు ముందు, మధ్యలో పొడవాటి తీగలు. అందుకే అక్కడ ఫిర్యాదు ఎక్కువగా దీపాల మీదే. దీపాలు వేసి, హోల్డరు ఎర్త్ తీగ నుంచి బ్యాటరీ ఎర్త్ పోస్టు దాకా అదే పరీక్ష చేయండి.

తొలి ఎలాన్లు పాజిటివ్ ఎర్త్, అంటే చాసీకి కలిపేది బ్యాటరీ ప్లస్ కొన. బ్యాటరీ బిగించే ముందు అది చూసుకోండి.

డైనమో, ఆల్టర్నేటర్ పాడవడం నేను చూసిన వాటిలో అరుదు, చివర్లో చూడొచ్చు. ఎలాన్ హెడ్‌లైట్లు పైకి లేవకపోవడం అసలు కరెంటు గొడవే కాదు. వాటిని లేపేది ఇంజిన్ వాక్యూమ్, దానికి ట్యాంకు చాసీ ముందు అడ్డదూలం. గొట్టాలు చూసి, ఆ దూలానికి తుప్పు చిల్లు పడిందేమో వెతకండి.