పరిశోధన పత్రాన్ని జర్నల్‌కు నిజాయితీగా పంపడం ఎలా?

ప్రచురణ నైతికత అనగానే మన పరిశోధక విద్యార్థుల్లో చాలామందికి గుర్తొచ్చేది, పత్రం ఇతర రచనలతో ఎంత కలుస్తోందో సాఫ్ట్‌వేర్ చెప్పే పోలిక శాతం ఒక్కటే. పత్రం రాయడం ముగిశాక దాన్ని సాఫ్ట్‌వేర్‌లో వేసి, పది శాతం లోపే ఉందని తేలితే ఆ విషయం అంతటితో అయిపోయిందనుకుంటారు. పత్రం మీద ఎవరి పేరు ఎందుకు ఉందో, అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో, జర్నల్ నిజంగా నిపుణులతో సమీక్ష జరిపిందో లేదో ఆ నివేదిక చెప్పదు. అందుకే ఇక్కడ పని మొదలుపెట్టిన రోజు నుంచి పత్రం అచ్చయిన తరువాతి వరకు చేయవలసినవి వరుసగా చెబుతున్నాను.

1. అనుమతి, నోటుపుస్తకం

మనుషుల నుంచి సమాచారం, రక్తనమూనాలు, వైద్య వివరాలు సేకరించే పనికి సంస్థలోని ఎథిక్స్ కమిటీ అనుమతిని సేకరణకు ముందే తీసుకోవాలి. భారత వైద్య పరిశోధన మండలి 2017లో వెలువరించిన జాతీయ మార్గదర్శకాలు ఈ విషయంలో మనకు ఆధారం. క్లినికల్ ట్రయల్ అయితే మొదటి రోగిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. పని అయ్యాక వెనక తేదీతో సంపాదించిన కాగితం అనుమతి కిందికి రాదు. భాషాసాహిత్య పరిశోధకులు ఇదంతా విజ్ఞానశాస్త్రాల వారి గొడవ అనుకోకూడదు. ఊరూరా తిరిగి జానపద గాథలు రికార్డు చేసేవారు పాడిన కళాకారుని సమ్మతి తీసుకోవాలి. ఆయన వద్దనకపోతే పేరు, ఊరు, రికార్డు చేసిన తేదీ పత్రంలో ఇవ్వాలి.

ప్రయోగం చేసిన రోజునే, చేసినవారే, తేదీ వేసి నోటుపుస్తకంలో రాసుకోవాలి. మూల దత్తాంశాన్ని (డేటాను) సవరించకుండా ఒక ప్రతి విడిగా దాచి, లెక్కలన్నీ మరో ప్రతిలోనే చేయాలి.

2. రచయితల పేర్లు ముందే తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. మన విశ్వవిద్యాలయాల్లో పెద్దవారి పేరు పెట్టడం మర్యాదగా, పెట్టకపోవడం ధిక్కారంగా చెలామణి అవుతోంది. శాఖాధిపతి పేరు, పరికరం వాడుకోనిచ్చిన ఆచార్యుని పేరు, పదోన్నతికి పత్రాల సంఖ్య చాలని సహోద్యోగి పేరు ఒక్కొక్కటిగా వచ్చి చేరి, ఇద్దరు చేసిన పనికి ఆరుగురు రచయితలవుతారు. వైద్య జర్నళ్ల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ పెట్టిన నాలుగు షరతులను ఇప్పుడు ఇతర రంగాల జర్నళ్లు కూడా చాలావరకు ఆధారంగా తీసుకుంటున్నాయి. పని ఆలోచనలోగానీ, దత్తాంశ సేకరణలోగానీ, విశ్లేషణలోగానీ చెప్పుకోదగిన పాలు ఉండాలి. పత్రాన్ని రాయడమో, విషయం తెలిసి దిద్దడమో చేసి ఉండాలి. తుది ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ప్రశ్న వస్తే జవాబు చెప్పే బాధ్యత తీసుకోవాలి. ఈ నాలుగూ ఉన్నవారే రచయితలు. నిధులు తెచ్చిపెట్టడం, పైపైన పర్యవేక్షించడం మాత్రమే చేసినవారికి కృతజ్ఞతల్లో చోటివ్వాలి.

గైడ్ పేరు పెట్టకూడదని దీని అర్థం కాదు. సమస్యను రూపొందించి, ముసాయిదాను వాక్యం వాక్యం దిద్ది, తుది ప్రతికి బాధ్యత వహించిన గైడ్ ఆ నాలుగు షరతులనూ నెరవేర్చినవారే. దీనికి ఎదురు తప్పు మరొకటుంది. గణాంక విశ్లేషణంతా చేసి, ముసాయిదాలో తన భాగం తానే రాసిన వ్యక్తి ఇప్పుడు వేరే ఊళ్లో ఉద్యోగం చేస్తున్నాడని పేరు తీసేయడం అంత తేలిగ్గా చూడవలసిన విషయం కాదు.

పేర్లను, వాటి వరుసను పని మొదలైనప్పుడే ఒక కాగితం మీద రాసుకుని, పని మారినప్పుడల్లా సవరించుకుంటే తగాదా చాలావరకు తప్పుతుంది. పెద్దవారి దగ్గర ఈ మాట ఎత్తడానికి జంకేవారికి ‘క్రెడిట్’ అనే 14 పాత్రల పట్టిక పనికొస్తుంది. ఆలోచన, పద్ధతి, విశ్లేషణ, నిధులు, తొలి ముసాయిదా వంటి పనుల్లో ఎవరు ఏది చేశారో ఎన్నో జర్నళ్లు రాసివ్వమంటున్నాయి. ‘సార్, జర్నల్ వాళ్లు ఎవరు ఏ పని చేశారో రాసి పంపమంటున్నారు, మీ వంతు ఏమని రాయమంటారు?’ అని అడిగితే ఎవరినీ నొప్పించినట్టు ఉండదు, జవాబు కూడా తెలిసిపోతుంది.

3. ఎవరి మాట ఎవరిదో తెలిసేలా రాయండి

విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల్లో పది శాతం వరకు పోలికకు శిక్ష లేదు. సిద్ధాంత గ్రంథంలో 10 నుంచి 40 శాతం వరకు ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సవరించి ఇవ్వాలి. 60 శాతం వరకు ఉంటే సవరించిన ప్రతిని ఇవ్వకుండా ఒక ఏడాది నిషేధిస్తారు, అది దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. మూలం చూపిన ఉటంకింపులు, ఉపయుక్త గ్రంథసూచి, కృతజ్ఞతలు, వరుసగా 14 పదాల వరకు ఉండే సర్వసాధారణ వాక్యాలు ఈ లెక్కలోకి రావు.

అయితే పది శాతం అనేది దొంగిలించుకోవడానికి ఇచ్చిన కోటా కాదు. ఇతరుల ఫలితాన్ని మూలం చెప్పకుండా ఒక్క పేరాలో వాడుకున్నా, నివేదికలో రెండు శాతమే కనబడినా, అది గ్రంథచౌర్యమే. మరోవైపు పద్ధతుల విభాగంలో అందరూ వాడే వాక్యాలు వచ్చి 15 శాతం చూపినంత మాత్రాన రచయిత దొంగ కాడు. అందుచేత అంకెను చూసి ఊరుకోకుండా, నివేదికలో రంగు పడిన ప్రతి వాక్యాన్నీ తెరిచి చూడాలి.

తెలుగులో రాసేవారికి ఇక్కడ ప్రత్యేకంగా ఒక మాట చెప్పాలి. ఇంగ్లిష్ పుస్తకంలోని పేజీని తెలుగు చేసి, మూలం పేరెత్తకుండా సొంత విశ్లేషణగా పెట్టడం మన సాహిత్య విమర్శలో పాత అలవాటు. వాక్యాలను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్‌కు ఇది సాధారణంగా దొరకదు. దొరకనంత మాత్రాన తప్పు తప్పు కాకుండా పోదు. అనువదించిన భాగమైతే అనువాదమనే రాసి, మూలగ్రంథం పేరు, పుట సంఖ్య ఇవ్వాలి. తన పాత పత్రంలోని పేరాలనే కొత్త పత్రంలోకి తెచ్చుకునేవారు కూడా ఆ సంగతి చెప్పాలి.

చాట్‌జీపీటీ వంటి పరికరాలను రచయితగా చూపకూడదని ప్రచురణ నైతికత కమిటీ ‘కోప్’ 2023లోనే స్పష్టం చేసింది. యంత్రం బాధ్యత వహించలేదన్నది అందుకు కారణం. వాడితే ఎక్కడ, ఎందుకు వాడారో రాయాలి. అది ఇచ్చిన ప్రతి ఆధారగ్రంథాన్నీ స్వయంగా తెరిచి చూడాలి, ఎందుకంటే లేని పత్రాలను ఉన్నట్టుగా పుట్టించడం దానికి అలవాటు.

4. జర్నల్‌ను పరీక్షించండి

సైన్స్ పత్రిక తరఫున జాన్ బొహానన్ అనే విజ్ఞాన పాత్రికేయుడు కొట్టొచ్చినట్టు తప్పులున్న కల్పిత పత్రాన్ని 304 జర్నళ్లకు పంపగా, 157 దాన్ని అంగీకరించాయని 2013లో బయటపడింది. ఈ వ్యాపారం మనకు దూరంగా ఏమీ లేదు. హైదరాబాదు కేంద్రంగా నడిచిన ఓమిక్స్ గ్రూపుపై అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. సమీక్ష గురించి, రుసుము గురించి రచయితలను తప్పుదోవ పట్టించారన్న ఆ కేసులో 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని 2019లో అక్కడి న్యాయస్థానం ఆదేశించింది.

యూజీసీ ఆమోదించిన జర్నళ్ల ‘కేర్’ జాబితా చూసుకుని పంపితే చాలనుకునే రోజులు పోయాయి. ఆ జాబితాను నిలిపివేసినట్టు సంఘం 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది, కాబట్టి ఇప్పుడు ఎంపిక భారం రచయితదీ, సంస్థదీ. ఐఎస్‌ఎస్‌ఎన్ ఉండటాన్ని నాణ్యతకు ముద్రగా చూపే జర్నళ్లను నమ్మకండి, అది పత్రికకు ఇచ్చే గుర్తింపు సంఖ్య మాత్రమే. గత రెండేళ్ల సంచికల్లోంచి మూడు నాలుగు పత్రాలు నిజంగా చదివి చూడండి. మీ రంగంలోని ఎవరైనా వాటిని ఉదహరించారా? ఎడిటోరియల్ బోర్డులో ఉన్న ఒకరికి మెయిల్ రాసి, తాను ఆ బోర్డులో ఉన్న సంగతి ఆయనకు తెలుసా అని అడగండి. మంచి పత్రిక పేరు, ఐఎస్‌ఎస్‌ఎన్ పెట్టుకుని నడిచే నకిలీ వెబ్‌సైట్లు కూడా ఉన్నాయి గనుక చిరునామాను ప్రచురణకర్త అసలు సైటు నుంచే పట్టుకోవాలి. రుసుము తీసుకోవడం దానంతట అది తప్పు కాదు. దాన్ని ముందు చెప్పకుండా, మూడు రోజుల్లో అంగీకారపత్రం పంపి, ఆ తరువాత బిల్లు వేసే చోటుకు మాత్రం పత్రం పంపకండి.

సిద్ధాంత గ్రంథం సమర్పించడానికి పత్రం అచ్చయి ఉండాలన్న షరతును 2022 పీహెచ్‌డీ నిబంధనల్లో యూజీసీ తొలగించింది. మీ విశ్వవిద్యాలయం సొంతంగా ఆ షరతు కొనసాగిస్తున్నదో లేదో కనుక్కోండి. లేకపోతే తొందరపడి డబ్బు కట్టవలసిన అవసరమే ఉండదు.

5. పంపడం, సమీక్షకు జవాబివ్వడం

ఒకే పత్రాన్ని ఒకేసారి రెండు జర్నళ్లకు పంపకూడదు. ఒక పనిని సంఖ్య కోసం నాలుగు ముక్కలు చేసి నాలుగు చోట్ల వేయకూడదు. సదస్సులో చదివినా, థీసిస్‌గా శోధగంగ అనే ఆన్‌లైన్ థీసిస్ భాండాగారంలో ఉన్నా ఎడిటర్‌కు లేఖలోనే చెప్పండి. నిధులు ఇచ్చినవారెవరో, ఆ ఫలితంతో లాభపడేవారితో మీకున్న సంబంధమేమిటో దాచవద్దు.

సమీక్షకుల పేర్లు సూచించమంటే స్నేహితులనో, గైడ్‌నో సూచించవద్దు. కల్పిత మెయిల్ చిరునామాలతో సమీక్ష సాగించుకున్న కారణంగా ట్యూమర్ బయాలజీ అనే జర్నల్ నుంచి 107 పత్రాలను స్ప్రింగర్ 2017లో ఉపసంహరించింది. సమీక్షకుడు తన పత్రాలే ఉదహరించమని ఒత్తిడి చేస్తే, అవి విషయానికి ఎందుకు అవసరం లేదో మర్యాదగా రాసి, ఎడిటర్ దృష్టికి తీసుకెళ్లండి.

6. అచ్చయ్యాక తప్పు కనబడితే

ముందు సహరచయితలందరికీ ఒకే మెయిల్‌లో చెప్పండి. తరువాత ఎడిటర్‌కు రాయండి. ఆ లేఖలో తప్పు ఏ పట్టికలో, ఏ బొమ్మలో ఉందో, ఎలా జరిగిందో, ముగింపు దానివల్ల మారుతుందో లేదో మూడు పేరాల్లో వివరిస్తే చాలు. ముగింపు నిలబడితే సవరణ వేస్తారు, నిలబడకపోతే ఉపసంహరణ.

ఉపసంహరణ అంటే దొంగతనం ఒప్పుకున్నట్టేనని మన దగ్గర భయం ఎక్కువ. 2018లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్న ఫ్రాన్సెస్ ఆర్నాల్డ్, తన బృందం 2019లో సైన్స్ పత్రికలో వేసిన పత్రాన్ని 2020 జనవరిలో వెనక్కి తీసుకున్నారు. ఆ ప్రయోగాన్ని మళ్లీ చేసినప్పుడు ఫలితం రాలేదు. మొదటి రచయిత నోటుపుస్తకం వెతికితే ముఖ్యమైన ప్రయోగాలకు ఏ రోజుకారోజు రాసిన నమోదులు, మూల దత్తాంశం కనబడలేదు. ఆమె ఆ సంగతిని తానే బహిరంగంగా చెప్పి, అందరికీ క్షమాపణ చెప్పుకున్నారు.