తెలియని రేడియో సిగ్నల్‌ను గుర్తుపట్టడం – మూడో పాఠం: ముందు గడియారం, తర్వాతే చెవి

పోయిన పాఠంలో వాటర్‌ఫాల్ తెరను, అంటే సిగ్నళ్లను గీతలుగా చూపించే తెరను, చదవడం నేర్చుకున్నాం. ఈసారి కాసేపు ఆ తెర కట్టేసి, సెకన్ల ముల్లున్న గడియారాన్ని ఎదురుగా పెట్టుకోండి. సమయం మాత్రం సెకను తేడా లేకుండా ఉండాలి.

రిసీవర్‌ను యూఎస్‌బీలో (అప్పర్ సైడ్‌బ్యాండ్, కేబుల్ కాదు) 14.074 మెగాహెర్ట్జ్‌కు తిప్పండి. సన్నని ఈలలు ఒకదాని మీద ఒకటి పడి, గుడి చెరువులో కప్పల్లా గోల చేస్తుంటాయి. ఆ గోలలో రాగం వెతక్కండి, ఎప్పుడు మొదలై ఎప్పుడు ఆగుతోందో రాసుకోండి. 0, 15, 30, 45 సెకన్ల దగ్గర అన్నీ కలిసి మొదలై, పదమూడు సెకన్లు గడవగానే కలిసే ఆగిపోతే అది ఎఫ్‌టీ8, అంటే హ్యాం రేడియో వాళ్లు కంప్యూటర్‌తో చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి. ఒక్కో ప్రసారం నిడివి 12.64 సెకన్లు. ఎనిమిది స్వరాలు, మొత్తం 50 హెర్ట్జ్ వెడల్పు. ఇదే పద్ధతి 7.5 సెకన్లకోసారి నడిస్తే ఎఫ్‌టీ4. సరి సంఖ్య నిమిషంలో మొదలై దాదాపు 110 సెకన్లు ఒకే ఈలలా సాగేది డబ్ల్యూఎస్‌పీఆర్, బలహీన సిగ్నల్ ఎంత దూరం చేరుతుందో చూసే పద్ధతి. మన సమయం యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) అయిదున్నర గంటలు ముందున్నా ఈ లెక్క చెడదు. అరగంట తేడాతో సరి నిమిషం బేసి కాదు కదా.

గడియారానికే ఇంత పెద్దపీట ఎందుకంటే, మీరు పొరపాటున ఎల్‌ఎస్‌బీలో (లోయర్ సైడ్‌బ్యాండ్‌లో) విన్నా, ట్యూనింగ్ కొంచెం పక్కకు జరిగినా స్వరం మారుతుంది కానీ నిడివి మారదు. ఫ్రీక్వెన్సీని కూడా ఆధారంగానే చూడండి, రుజువుగా కాదు. వీధి పేరు చూసి ఇంట్లో ఎవరున్నారో చెప్పలేం.

గడియారానికి లొంగని సిగ్నళ్లూ ఉన్నాయి. రెండు స్వరాల మధ్య గబగబా గెంతుతూ టకటకలాడేది ఆర్‌టీటీవై (రేడియో టెలిటైప్), ఆ స్వరాల మధ్య దూరం 170 హెర్ట్జ్. టైపు చేసిన అక్షరాలను అప్పటికప్పుడు పంపే పీఎస్‌కే31 అయితే వణికే ఒంటి ఈల. అవతలి మనిషి ఏం టైపు చేయాలా అని ఆలోచిస్తూ ఆగినప్పుడు, మూసిన తెర మళ్లీ తెరిచి చూడండి: ఈల స్థానంలో రైలు పట్టాల్లా రెండు సన్నని గీతలు, మధ్యలో 31 హెర్ట్జ్ ఎడం. అక్షరాలు లేనప్పుడు ఆ సిగ్నల్ సెకనుకు 31.25 సార్లు దశ (ఫేజ్) తిరగేస్తూనే ఉంటుంది, పట్టాలు పుట్టేది అందుకే. మళ్లీ టైపు మొదలుకాగానే పట్టాలు చెదిరిపోతాయి. నాకు ఈ దృశ్యం ఎన్నిసార్లు చూసినా విసుగు రాదు.

ఒక హెచ్చరిక. నేను వారం రోజులపాటు కొత్త సిగ్నల్ అనుకుని నోటు పుస్తకం నింపిన చప్పుడు పక్క గదిలోని ఫోను చార్జరుది. వేడెక్కేకొద్దీ మెల్లగా జరుగుతూ, కొన్ని పదుల కిలోహెర్ట్జ్‌కోసారి మళ్లీ కనిపిస్తే అనుమానించండి. రిసీవర్‌ను బ్యాటరీతో నడుపుతూ, ఇంటి మెయిన్ ఆపి చూడండి.

అభ్యాసం: ఈ రాత్రి 7.074 మెగాహెర్ట్జ్ దగ్గర పది నిమిషాలు వినండి. మొదలైన సెకను, నిడివి, వెడల్పు, స్వరాల సంఖ్య రాయండి. పేరు గడిని ఖాళీగా ఉంచండి, వచ్చే పాఠంలో నింపుదాం.