పెద్ద హార్డ్ డిస్క్ కొనేముందు ఈ మూడు అక్షరాలు చూడండి

డెస్క్‌టాప్‌లోకి 8 టీబీ హార్డ్ డిస్క్ తీసుకోవాలనుకుంటే ధర, ఆర్‌పీఎం (డిస్క్ తిరిగే వేగం) కంటే ముందు అది సీఎంఆరా, ఎస్ఎంఆరా చూడండి. ఇవి డిస్క్ మీద డేటా రాసే రెండు పద్ధతులు. సీఎంఆర్‌లో ట్రాకులు, అంటే డేటా రాసే వలయాలు, పక్కపక్కన విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి, అందుకే ఒకచోట చిన్న మార్పు చేయాలన్నా పక్క ట్రాకులు కూడా మళ్లీ రాయాల్సి వస్తుంది. నేను తెలీక అలాంటిదే కొన్నాను. వీడియోలు కాపీ పెడితే మొదట్లో సెకనుకు 180 ఎంబీతో దూసుకెళ్లి, కాసేపటికి 20కి, 15కి పడిపోయి, కాపీ విండోలో వేగం చూపించే పచ్చ గ్రాఫ్ నేలకు అతుక్కుపోయింది. డిస్క్ పోయిందేమోనని ఒకటే టెన్షన్, తీరా చూస్తే దాని తీరే అంత! ఒకసారి పెట్టేసి చూసుకునే సినిమాలకైతే పర్లేదు, రోజూ రాసి చెరిపే పనికి, రెయిడ్‌కి (కొన్ని డిస్కుల్ని కలిపి ఒకటిగా వాడే పద్ధతి) మాత్రం సీఎంఆరే. డబ్బా మీద చాలాసార్లు ఉండదు, మోడల్ నంబర్ పట్టుకుని కంపెనీ డేటాషీట్‌లో వెతకాలి. ఉదాహరణకు సీగేట్‌లో 8 టీబీ బారాకుడా ఎస్ఎంఆర్, ఐరన్‌వుల్ఫ్ సీఎంఆర్.

బిగించాక డిస్క్‌ను వాడకానికి సిద్ధం చేసేటప్పుడు (ఇనిషియలైజ్) భాగాల వివరాలు రాసుకునే పద్ధతి ఏదని అడుగుతుంది, జీపీటీనే ఎంచుకోండి, పాత పద్ధతి ఎంబీఆర్ అయితే 2 టీబీ దాటి వాడుకోలేరు. విండోస్‌లో 7.27 టీబీ అని చూపిస్తే మోసమేం కాదు, లెక్క కట్టే పద్ధతిలో తేడా.

ఇంకోటి, పెద్ద డిస్కుల్లో కొన్నింటికి అడుగున మధ్యలో ఉండే స్క్రూ రంధ్రాలు ఉండవు. పాత కేబినెట్ ట్రేలో రెండు స్క్రూల మీదే నిలబెడితే గుయ్‌మని ఒకటే మోత. కొనేముందే ట్రే ఓసారి బయటికి లాగి చూసుకోండి.