కల్తీ కల్లు ఒక్కసారిగా మాన్పించకండి
మా నాయన పాలమూరులో మేస్త్రీ. పొద్దుగూకితే కల్లు కాంపౌండుకు పోవాల్సిందే. అమ్మ పుస్తెలు కూడా తాకట్టుకు పోయాయి. ఒక దసరాకు మేమే పట్టుబట్టి, గదిలో పెట్టి తాళం వేశాం. చాలా పెద్ద తప్పు చేశాం. రెండో రోజుకు చేతులు వణికి, గ్లాసులో నీళ్లన్నీ చొక్కా మీదే పడ్డాయి. రాత్రంతా గోడ మీద లేని పురుగులను దులిపాడు. తెల్లారేసరికి ఫిట్స్.

చెట్టు కల్లు వేరు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలుపుతారు. ఒంటికి అలవాటయ్యాక ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ముందు ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్యుడికి చూపించండి. రోజుకు ఎన్ని సీసాలో, ఎన్నేళ్లుగానో దాచకండి. అమ్మ సిగ్గుపడి ఒకటే అంది, నిజానికి నాలుగు. డాక్టరు మందులిచ్చి, వాటిని మెల్లమెల్లగా తగ్గిస్తారు. ఆ మాత్రలు మీ దగ్గరే ఉంచుకోండి.

ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి, 108కి ఫోన్ చేయండి. సలహాకు 14446 ఉంది, పైసా ఖర్చు లేదు.

సాయంత్రం ఐదింటికి కాళ్లు అటే లాగుతాయి. ఆ వేళకు నేను పని ఆపుకొని వచ్చి, నాయనకు చాయ్ తాగించి, చెరువు కట్ట దాకా నడిపించేవాణ్ని.